ఎంఈసీ గదిలో ఒక పసుపు రైతు కూతురు: అర్థశాస్త్రం వైపు వెళ్లే దారిపై కేస్ స్టడీ

నేను నిజామాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. అడ్మిషన్ల రోజుల్లో పిల్లలతో, తల్లిదండ్రులతో కూర్చుని గ్రూపు గురించి మాట్లాడే బాధ్యత కూడా నాదే. ఇక్కడ రాస్తున్నది 2022లో మా కాలేజీలో ఎంఈసీ (లెక్కలు, అర్థశాస్త్రం, కామర్స్) గ్రూపులో చేరిన ఒక విద్యార్థిని సంగతి. ఆమె, వాళ్ల నాన్న ఇద్దరూ సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు.

ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన దగ్గర అర్థశాస్త్రం అంటే లెక్కలు వద్దనుకునేవాళ్లు తీసుకునే సబ్జెక్టు అనే మాట బాగా నాటుకుపోయింది. ఆ మాట నమ్మి పదో తరగతి అవగానే లెక్కలు వదిలేసిన పిల్లలకు, అర్థశాస్త్రంలోని మంచి దారులు కొన్ని పదహారేళ్లకే మూసుకుపోతున్నాయి. మూసుకుపోయాయన్న సంగతి కూడా వాళ్లకు రెండేళ్ల తర్వాత, ఏదో ఒక అప్లికేషన్ నింపుతున్నప్పుడు గానీ తెలియదు. ఈ అమ్మాయికి అలా జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పడమే ఈ రాత ఉద్దేశం.

అడ్మిషన్ నాడు

తండ్రికి రెండెకరాల పసుపు, కొంత మక్కజొన్న. అమ్మాయి తెలుగు మీడియం. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి, లెక్కల్లో కూడా. సోషల్‌లో ఆర్థిక వ్యవస్థ పాఠాలంటే ఇష్టమని తనే చెప్పింది. ఫిజిక్స్ మాత్రం వద్దంది. అందుకే ఎంపీసీ వద్దని, సీఈసీ ఫారం నింపుకుని వచ్చింది.

నాన్న అడిగింది ఒక్కటే. "ఎంపీసీ వద్దంటున్నది సార్. గీ ఎకనామిక్స్ చదివితే రేపు ఏమొస్తది? సర్కారు నౌకరి ఏదన్న ఉంటదా?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న రైతు అడగాల్సిన ప్రశ్నే అది. ఉంటుంది అని చెప్పి ఊరుకోకుండా, ఏ ఉద్యోగానికి ఏం చదివి ఉండాలో కాగితం మీద రాసి చూపించాను. అలా రాస్తుంటే సీఈసీకి, ఎంఈసీకి తేడా తనంతట తనే బయటపడింది. రెండింటిలోనూ అర్థశాస్త్రం, కామర్స్ ఉంటాయి. సీఈసీలో మూడోది సివిక్స్, ఎంఈసీలో లెక్కలు. ఆ ఒక్క సబ్జెక్టు దగ్గరే దారి చీలుతుంది.

ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ చదవాలంటే పన్నెండో తరగతిలో గణితం ఉండాలి, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీలో కూడా గణితం రాయాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష ద్వారా వచ్చే జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. కానీ ఇంటర్ గణితంలో 60 శాతం ఉండాలి, లేదంటే డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల ఉద్యోగాల కోసం యూపీఎస్‌సీ జరిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు పీజీలో అర్థశాస్త్రం చాలు, ఇంటర్‌లో ఏ గ్రూపు చదివారని అడగరు. అయితే ఆ పరీక్షలో జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపర్‌లో గణిత, గణాంక పద్ధతులు ఉంటాయి. లెక్కలు వదిలేసి వచ్చినవాళ్లు ఇరవై రెండేళ్లకు వాటిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది.

ఎంపీసీ గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎంపీసీ చదివినవాళ్లకు అర్థశాస్త్రం తలుపులేవీ మూసుకుపోవు. ఐఐటీ బొంబాయి, ఐఐటీ కాన్పూర్‌లలో ఎకనామిక్స్ బీఎస్ చదవాలంటే ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాల్సిందే, అంటే ఎంపీసీయే కావాలి. దువ్వూరి సుబ్బారావు గారు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఫిజిక్స్ చదివి, ఐఏఎస్‌కు వెళ్లి, ఆ తర్వాత అర్థశాస్త్రం చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, 2008లో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. ఆయనకు ముందు గవర్నర్‌గా ఉన్న వై.వి.రెడ్డి గారిది కడప జిల్లా. ఆయన మద్రాసులో అర్థశాస్త్రమే చదివారు, పీహెచ్‌డీ ఉస్మానియాలో. పదేళ్ల పాటు వరుసగా ఇద్దరు తెలుగువాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారని చెబితే నాన్న ఆశ్చర్యపోయాడు. రిజర్వ్ బ్యాంకుకు, అర్థశాస్త్రానికి సంబంధం ఉందన్న సంగతే ఆయన ఎప్పుడూ వినలేదు.

ఇంతా చెప్పినా ఫిజిక్స్ మీద మనసు లేని పిల్లను ఎంపీసీలో కూర్చోబెట్టమని నేను అనలేదు. లెక్కల్లో ఆమెకు వచ్చిన మార్కులు చూపించి, "వచ్చిన విద్యను ఎందుకు వదులుకుంటావమ్మా?" అని మాత్రం అడిగాను. ఫారంలో సీఈసీ కొట్టేసి ఎంఈసీ రాసింది.

మా ఎంఈసీ సెక్షన్ చాలా చిన్నది. చాలా ప్రభుత్వ కాలేజీల్లో అసలు ఈ గ్రూపే లేదు. లెక్కల క్లాసుకు ఎంపీసీ పిల్లలతో కలిపి కూర్చోబెడతాం.

లెక్కలు ఎందుకన్న ప్రశ్న

మొదటి సంవత్సరం దసరాకల్లా ఆమె టెన్షన్ పడుతూ వచ్చింది. ఎంపీసీ పిల్లలకు ఫిజిక్స్‌లో కూడా వెక్టర్లు, త్రికోణమితి వస్తాయి కాబట్టి వాళ్లకు చేయి తిరుగుతుంది. ఎంఈసీ పిల్లలకు అవి లెక్కల గదిలో తప్ప ఎక్కడా కనిపించవు. ఇవన్నీ అర్థశాస్త్రానికి దేనికి అని ఆమె అడిగింది, సీఈసీకి మారిపోతానంది.

నా దగ్గర దీనికి ఉన్న జవాబు ఉపన్యాసం కాదు, ఒక లెక్క. మా ఫస్టియర్ పుస్తకంలో, వాడేకొద్దీ అదనపు తృప్తి తగ్గుతుందని చెప్పే క్షీణోపాంత ప్రయోజన సూత్రానికి ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో యూనిట్ వాడేకొద్దీ మొత్తం ప్రయోజనం ఎంత, ఆ చివరి యూనిట్ అదనంగా ఇచ్చే ఉపాంత ప్రయోజనం ఎంత అని. పిల్లలంతా ఆ పట్టికను బట్టీ పట్టి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుంటారు. ఆమె చేత పట్టిక మూయించి, వాడిన యూనిట్లు q అయితే మొత్తం ప్రయోజనం 20q − q² అనుకోమన్నాను. లెక్కల 1బి పేపరులో అవకలనం (డిఫరెన్షియేషన్) అప్పుడే నేర్చుకుంటోంది కాబట్టి దాన్ని అవకలనం చేయమన్నాను. 20 − 2q వచ్చింది. అదే ఉపాంత ప్రయోజనం. q పెరిగేకొద్దీ తగ్గుతోంది, q = 10 దగ్గర సున్నా అవుతోంది, సరిగ్గా అక్కడే మొత్తం ప్రయోజనం 100కు చేరి గరిష్ఠమవుతోంది. మొత్తం ప్రయోజనం గరిష్ఠంగా ఉన్నచోట ఉపాంత ప్రయోజనం సున్నా అని పుస్తకంలో ఒక వాక్యం ఉంది. దాన్ని అప్పటిదాకా నమ్మింది, ఆ రోజు తనే నిరూపించుకుంది.

తర్వాత ఇద్దరం కలిసి సిలబస్ ముందు పెట్టుకుని ఒక పని చేశాం. అర్థశాస్త్రంలో ముందుకు వెళ్తే ఏ అధ్యాయాలు ఎక్కువ పనికొస్తాయో గుర్తుపెట్టాం. 1ఎలో ప్రమేయాలు, మాత్రికలు. 1బిలో అవధులు, అవకలనం, గరిష్ఠ కనిష్ఠాలు. 2ఎలో ద్విపద సిద్ధాంతం, విస్తరణ కొలతలు, సంభావ్యత. 2బిలో సమాకలనం. మిగతావి పరీక్ష కోసం చదవాలి, ఇవి మాత్రం తన కోసం చదవాలి. ఎంఈసీ పిల్లలకు ఈ తేడా చెప్పేవాళ్లు దాదాపు ఉండరు. లెక్కల లెక్చరర్‌కు అర్థశాస్త్రంతో పని లేదు, అర్థశాస్త్రం చెప్పే మాలో చాలామంది లెక్కల జోలికి వెళ్లం. ఈ రెండు గదుల మధ్య నడవా లేకపోవడం వల్లే మంచి పిల్లలు సీఈసీకి మారిపోతున్నారని నా నమ్మకం.

ఇంటి పసుపు

రెండో సంవత్సరం పుస్తకంలో భారత ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఆర్థిక వ్యవస్థ ఉంటాయి. జనాభా, వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు, ప్రణాళికలు. చెప్పే విధంగా చెప్పకపోతే ఇదంతా అంకెల జాబితాలా మిగిలిపోతుంది. నిజామాబాద్‌లో పాఠం చెప్పేవాళ్లకు మాత్రం ఒక అదృష్టం ఉంది. ఇక్కడ పసుపు పంట ఉంది, యార్డు ఉంది, వేలం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం రైతులే నామినేషన్లు వేస్తే, ఈ ఒక్క నియోజకవర్గంలో 185 మంది బరిలో నిలిచారు. వారిలో 170 మందికి పైగా రైతులే. ఆ ఏడాది ఆ అమ్మాయికి పన్నెండు, పదమూడేళ్లు ఉంటాయి. వాళ్ల ఇంట్లో ఆ రోజుల్లో జరిగిన మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి.

కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకు. అందులో పసుపు లేదు. 2019, 2020 ప్రాంతంలో క్వింటాలు ధర ఆరు వేలకు అటూ ఇటూ ఉండి, పెట్టుబడి కూడా రాలేదని చాలామంది మక్కజొన్న, సోయా వైపు వెళ్లారు. పసుపు జూన్‌లో వేస్తే తవ్వేసరికి జనవరి దాటుతుంది. ఆ తర్వాత ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టాలి. అంటే ఈ రోజు ధర చూసి వేసిన పంట వచ్చే ఏడాది ధరకు అమ్ముడవుతుంది. సాగు తగ్గిన కొన్నేళ్లకు సరుకు కొరవడి, 2023 మధ్య నుంచి ధర ఎక్కుతూ, 2024 మార్చి నాటికి పదిహేను వేలు దాటింది. ధర, సాగు ఒకదాని వెనక ఒకటి ఇలా తిరిగే తీరును అర్థశాస్త్రంలో సాలెగూడు నమూనా అంటారు. ఇంటర్ సిలబస్‌లో అది లేదు. కానీ ఆ తరగతిలో దాన్ని చెప్పకుండా ఉండలేకపోయాను. బోర్డు మీద రెండు గీతలు గీసి చుట్టూ తిప్పుతుంటే సీఈసీ పిల్లలు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు.

ఆమెకు అసలు మలుపు ఇంట్లోనే వచ్చింది. 2024లో పంట చేతికొచ్చింది. పసుపు ఇప్పుడే అమ్మాలా, ఇంకా పెరుగుతుందని ఆపాలా? ఊళ్లో ప్రతి ఇంట్లో ఇదే చర్చ. నాన్న అడ్తిదారు (యార్డులోని కమీషన్ వ్యాపారి) దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి పెట్టుబడి తెచ్చాడు. నెలకు రెండు శాతం. ఆమె ఆ ప్రశ్నను క్లాసుకు తెచ్చింది.

లెక్క సులువుగా ఉండాలని క్వింటాలు 14,000 అనుకున్నాం. అమ్మకుండా ఆపితే ఆ డబ్బుతో తీరాల్సిన అప్పు నెలకు 280 రూపాయల వడ్డీ తింటుంది. మూడు నెలలు ఆపితే 840. చక్రవడ్డీ లెక్కన 1.02ను మూడుసార్లు గుణిస్తే 1.0612, అంటే దాదాపు 857. దానికి కోల్డ్ స్టోరేజీ కిరాయి, తూకంలో తరుగు కలపాలి. కాబట్టి మూడు నెలల తర్వాత పదిహేను వేలకు బాగా పైన ధర వస్తేనే ఆపినందుకు లాభం. పుస్తకంలో అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకుంటే వదులుకున్న దాని విలువ) అని రెండు వాక్యాల నిర్వచనం ఉంటుంది. అది ఆ రోజు వాళ్ల ఇంటి అంకెల్లో కనిపించింది.

ఆమె అక్కడితో ఆగలేదు. పసుపులో కొమ్ము, గోళ (గుండ్రటి దుంప) రెండింటి ధరలు వేర్వేరుగా రాసుకుంది. యార్డుకు వచ్చిన బస్తాలు ఒక వరుసలో, ధర ఇంకో వరుసలో పెట్టి గ్రాఫ్ గీసింది. బస్తాలు ఎక్కువొచ్చిన వారాల్లో ధర పడిపోవాలి కదా, ఈసారి ఎందుకు పడలేదని అడిగింది. మహారాష్ట్రలోని సాంగ్లీ, తమిళనాడులోని ఈరోడ్ పసుపు మార్కెట్లలో పరిస్థితి, సరుకుల ఎక్స్ఛేంజి ఎన్‌సీడీఈఎక్స్‌లో ముందస్తు కాంట్రాక్టుల ధరలు, ఈసారి మొత్తం పంట తక్కువన్న అంచనా, ఇవన్నీ ఒక్క యార్డు గేటు దగ్గర లెక్కపెట్టిన బస్తాల్లో కనిపించవని మాట్లాడుకున్నాం. ధర మారినందుకు డిమాండ్ రేఖ మీద కదలడం వేరు, ఇతర కారణాల వల్ల రేఖే జరగడం వేరు అని నేను ఏళ్లుగా చెబుతున్నాను. ఒక విద్యార్థి సొంత అంకెలతో ఆ తేడా దగ్గరికి రావడం చూస్తే కలిగే సంతోషం వేరు.

ఏం చేయాలో నాన్నే నిర్ణయించుకున్నాడు. అప్పు తీరేంత సరుకు అమ్మి, మిగతాది ఆపాడు. నేను గానీ, అమ్మాయి గానీ ఆయనకు సలహా ఇవ్వలేదు. ధర ఎటు పోతుందో చెప్పే శాస్త్రం కాదిది. ఆగితే ఎంత ఖర్చవుతుందో తెలిసి ఆగడానికి మాత్రం ఇది పనికొస్తుంది. తర్వాత కాలేజీకి వచ్చినప్పుడు ఆయన, "వడ్డీ లెక్క బిడ్డ మంచిగ చెప్పింది సార్" అన్నాడు. అర్థశాస్త్రం చదివితే ఏమొస్తదన్న ప్రశ్న ఆ తర్వాత ఆయన నోట మళ్లీ వినలేదు.

2023 అక్టోబరులో పసుపు బోర్డు ప్రకటన వచ్చినప్పుడు కూడా క్లాసులో మంచి చర్చ జరిగింది. బోర్డు వస్తే మద్దతు ధర వచ్చినట్టేనని పిల్లల్లో చాలామంది అనుకున్నారు. రెండూ వేరని, బోర్డు పని పరిశోధన, నాణ్యత, ఎగుమతులు, మార్కెటింగ్ వైపు ఉంటుందని పుస్తకంలోని వ్యవసాయ మార్కెటింగ్ అధ్యాయం తెరిచి చెప్పుకున్నాం. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలయ్యేనాటికి ఆమె ఇక్కడ లేదు.

సీఏ ఒత్తిడి

ఎంఈసీ అంటే సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) అని ఊళ్లో అందరికీ తెలుసు. రెండో సంవత్సరం మొదట్లో ఒక కోచింగ్ సెంటర్ మనిషి ఇంటికి వెళ్లి, ఎంఈసీ చదివి సీఏ చేయకపోతే దండగని చెప్పి వచ్చాడు. సీఏ చాలా మంచి చదువు. ఫౌండేషన్‌లో బిజినెస్ ఎకనామిక్స్ కూడా ఒక పేపరుగా ఉంది. కానీ అక్కడ అసలు పని అకౌంట్లు, ఆడిట్, పన్నులు. ఈ అమ్మాయి కామర్స్ నోట్సు బాధ్యతగా రాసేది, అర్థశాస్త్రం నోట్సు మార్జిన్లలో కూడా ప్రశ్నలు రాసుకునేది. రెండు నోట్సులూ నాన్న ముందు పెట్టాను. తేడా చూడ్డానికి ఆయనకు అర్థశాస్త్రం తెలియనక్కర్లేకపోయింది.

ఇదే బ్యాచ్‌లో సీఈసీ అబ్బాయి ఒకడు ఉన్నాడు. అర్థశాస్త్రంలో ఆమెతో సమానం, మాటల్లో ఆమె కంటే చురుకు. రెండో సంవత్సరం చివర్లో సీయూఈటీ ఫారం నింపుతూ ఢిల్లీ ఎకనామిక్స్ ఆనర్స్‌కు గణితం తప్పనిసరని చూసి చాలా బాధపడ్డాడు. అతను దోస్త్ (రాష్ట్ర డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా బీఏలో చేరి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాడు. ఆ పరీక్షలోని 600 మార్కుల్లో 150 ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి పేపరుకే. అందులో అతనికి ఎదురులేదని నాకు తెలుసు. బీఏ తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలోనో, ఉస్మానియాలోనో ఎంఏ చేయొచ్చు. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి అధ్యాపకుడు కావొచ్చు. ఎంఏ పూర్తయితే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు కూడా అర్హుడే. అతని దారి చిన్నదేం కాదు. కాకపోతే ఇంటర్‌లో చేరేటప్పుడు ఆ ఎంపిక తెలిసి చేసుకున్నది కాదు. అతను చేరింది మా దగ్గర కాదు, రెండో సంవత్సరంలో వేరే కాలేజీ నుంచి మారి వచ్చాడు.

సీయూఈటీ, ఆ తర్వాత

ఢిల్లీ పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉందని, సీయూఈటీ స్కోరుతో సీటు వస్తుందని, హాస్టల్ ఉంటుందని చెబితే సరేనన్నారు. సీయూఈటీ తెలుగులో కూడా రాయొచ్చు. కానీ పై చదువంతా ఇంగ్లిష్‌లోనే కాబట్టి ఆమె ఇంగ్లిష్‌కే సిద్ధపడింది. ఎడమవైపు తెలుగు అకాడమీ పుస్తకంలోని మాట, కుడివైపు ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్ఈ బళ్లలో చదివే) పుస్తకంలోని మాట రాసుకుంటూ ఒక నోట్‌బుక్ నింపింది. సిలబస్‌లో కూడా తేడాలున్నాయి. సీయూఈటీకి ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి ప్రమాణం. గుణకం, ప్రభుత్వ బడ్జెట్, చెల్లింపుల శేషం లాంటివి అందులో మా పుస్తకం కంటే లోతుగా ఉంటాయి. ఇంటర్ పరీక్షలు అయ్యాక దొరికిన వారాల్లో ఆ స్థూల అర్థశాస్త్రం పుస్తకమే చదివింది. 2024లో సీటు వచ్చింది.

మొదటి సెమిస్టర్ తేలిక కాలేదు. సీబీఎస్ఈ నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లో చకచకా ప్రశ్నలు అడుగుతుంటే ఈమె క్లాసులో నోరు విప్పలేదు. ఫోన్ చేసినప్పుడు ఇంటికి వచ్చేస్తానని కూడా అంది. నిలబెట్టింది లెక్కల పేపరే అని తనే చెప్పింది. గరిష్ఠ కనిష్ఠాలు, మాత్రికలు బోర్డు మీద వచ్చినప్పుడు భాష అడ్డు రాలేదట. పక్క గదుల వాళ్లు లెక్కల కోసం ఆమె దగ్గరికి వస్తే, వాళ్లతో మాట్లాడుతూనే ఇంగ్లిష్ కుదురుకుందట.

ఇప్పుడు ఆమె ముందున్న దారులు ఇంకా తేలలేదు. ఎకనామిక్ సర్వీస్‌కు పీజీ కావాలి, కనీస వయసు 21, ఏటా వచ్చే పోస్టులు కొద్దిగానే. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక విధాన పరిశోధన విభాగానికి గ్రేడ్-బి పోస్టులున్నాయి. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు గ్రేడ్-ఎ పరీక్షలో వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి కలిసిన పేపరు ఉంటుంది, అది ఆమెకు ఇంటి సబ్జెక్టు లాంటిది. పరిశోధన వైపు వెళ్తే ముంబయిలో రిజర్వ్ బ్యాంక్ 1987లో స్థాపించిన ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ ఉంది. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు ఆమె అడిగింది మాత్రం వీటి గురించి కాదు. మార్కెట్ యార్డు పాత ధరలు, రోజువారీ రాక వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. కోర్సులో భాగంగా రాయాల్సిన పేపరుకు అడ్తిదారు వడ్డీకి, రైతు పసుపు అమ్మే తేదీకి ఉన్న సంబంధాన్ని ఎంచుకుందట. అప్పున్న రైతు, అప్పు లేని రైతు కంటే ఎంత ముందు అమ్ముతాడన్నది చూడాలట. మార్కెట్ కమిటీ ఆఫీసులో ఎవరిని అడగాలో చెప్పి, రైతుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాడడానికి ప్రశ్నల పత్రం ఇద్దరం కూర్చుని తెలుగులో తయారు చేశాం. వడ్డీ గురించి నేరుగా అడిగితే ఎవరూ చెప్పరని, ముందు పంట ఖర్చు దగ్గర మొదలుపెట్టాలని వాళ్ల నాన్న మార్చిన వరుసే చివరికి ఉంచాం.